సీలు తియ్యని లేత్ మిషను

మొన్న అరకు దగ్గర కొత్తగా పెట్టిన సాంకేతిక విద్యాసంస్థను చూడడానికి, ఎవరూ పిలవకపోయినా వెళ్లాను. రిటైరైన మాస్టార్లకు ఇదొక రోగం; ఎక్కడ బ్లాక్‌బోర్డు కనిపించినా లోపలికి తొంగి చూడాలనిపిస్తుంది. భవనం బాగుంది, గోడల రంగు ఇంకా మాయలేదు. వర్క్‌షాపు షెడ్డులో ఒక మూల నడుమెత్తు చెక్కపెట్టె, లక్క సీలుతో సహా ఉంది. దాన్ని చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడి లెక్చరరు, పాపం, ఈ ముసలాయన పెట్టెను చూసి ఎందుకు రుసరుసలాడుతున్నాడో అర్థంకాక కుర్చీ తెప్పించాడు.

నేను మొదట ఉద్యోగంలో చేరిన పాలిటెక్నిక్ కూడా ఈ కొండల్లోనే ఉండేది. ఏజెన్సీ పిల్లల గుమ్మంలోకే పెద్ద చదువు అని బోర్డు మీద రాశారు గానీ, కాలేజీ మాత్రం అద్దెకు తీసుకున్న కాఫీ గోడౌను. ఏ పాఠం చెప్పినా కాఫీ గింజల వాసనే. గోడకవతల షావుకారి పొట్టు తీసే మిషను పొద్దస్తమానం గడగడలాడేది. అంటే, కరెంటు లేదన్న సాకు కూడా లేదన్నమాట. ఇనుప కడ్డీలు చెక్కే మా లేత్ మిషను మాత్రం లారీ దిగిన రోజు నుంచి పెట్టెలోనే పడుకుంది. కమిటీ వచ్చి సీలు తీయాలి. ఆ కమిటీ రాదు. వారానికి రెండు రోజులు కింద మైదానం నుంచి వచ్చే ఇన్‌చార్జి ప్రిన్సిపాలు ఆ పెట్టె మీదే టీ గ్లాసు పెట్టుకుని సంతకాలు చేసేవారు. ఒకరోజు ఉండబట్టలేక గునపం తెచ్చాను. "మాస్టారూ, సీలు మీరు ఊడదీస్తే రేపు మీరే జవాబు చెప్పుకోవాలి," అన్నారాయన చల్లగా. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. గునపం ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ముంచింగిపుట్టు అవతల కొండమీది ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల ఊళ్లో పది దాటిన మొదటి పిల్ల. రోజూ వచ్చీ రాగానే ఒకటే ప్రశ్న: "సార్, పెట్టి ఈ రోజైనా ఇప్పుతారా?" నేను బోర్డు నిండా లేత్ బొమ్మ గీసి, ఇది కడ్డీని పట్టే చక్కు, ఇది చెక్కే పనిముట్టు బిగించే టూల్‌పోస్టు, ఈ చక్రం ఇలా తిప్పాలి అంటూ గాల్లో చేతులు తిప్పి చూపించేవాణ్ణి. మిగతావాళ్లు నవ్వేవారు. ఆమె నవ్వకుండా నాతోపాటు తిప్పేది. "ఇంటికాడ కూడా తిప్పుతన్నానని మాయమ్మ దడుసుకున్నాది సార్. దెయ్యం పట్టిందని మంత్రం ఏయిస్తానంటంది," అని ఒకరోజు తనే చెప్పి నవ్వింది. మూడేళ్లూ అలాగే గడిచాయి.

చివరి ప్రాక్టికల్ పరీక్ష కింద వేరే కాలేజీలో జరిగింది. నేను కిటికీ బయట నిలబడ్డాను. ఆమె కడ్డీని చక్కులో బిగించింది, టూలు సరిచూసింది, అన్నీ మా బొమ్మలో ఉన్నట్టే. అక్కడ ఆగిపోయింది. మిషను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "సార్, ఇది ఎక్కడ నొక్కితే తిరుగుతాది?" అని పరీక్ష పెట్టడానికి వచ్చినాయన్ని అడిగింది. ఆయన పెద్దగా నవ్వి, కాగితం మీద ఏదో రాసేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. స్విచ్చి ఒక్కసారీ గీయలేదు.

ఆ ఒక్క పరీక్షా తప్పింది. మళ్లీ రాయడానికి ఇంట్లోవాళ్లు పంపలేదు. ఏడాది తర్వాత ముంచింగిపుట్టు సంతలో, తల్లి పక్కన పసుపు కొమ్ములు అమ్ముతూ కనిపించింది. నేను తప్పుకుపోదామనుకునేలోగా తనే పిలిచి, "పెట్టి ఇప్పీసినారా సార్?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "ఇంకా లేదమ్మా," అన్నాను. రెండు పసుపు కొమ్ములు నా చేతిలో పెట్టింది.

"ఈ పెట్టె వచ్చి ఎన్నాళ్లయింది బాబూ?" అని కుర్చీ తెప్పించిన ఆ లెక్చరర్ని అడిగాను.

"రెండో బ్యాచి కూడా చేరిపోయింది సార్. కమిటీ రావాల. అయినా లోపల గ్రీజు పూసే ఉంటాది, మిషనుకేటీ అవదు."

"గునపం ఉందా?" అన్నాను. నాకిప్పుడు జవాబు చెప్పుకోవలసిన ఉద్యోగం లేదు. అతను సీలు వైపు చూసి తల దించుకున్నాడు. అతని ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదని అడక్కుండానే తెలిసిపోయింది.

మిషనుకేమీ కాదన్న మాట నిజమే. గ్రీజు పూసిన ఇనుము పదేళ్లయినా అలాగే ఉంటుంది; పద్దెనిమిదేళ్ల వయసే కమిటీ వచ్చేదాకా ఆగదు.