పిడికిట్లో అరటిపండు

దోహాలో, అల్ సద్ దగ్గర ఒక ఇంట్లో పనిచేస్తున్నప్పుడు నా డ్యూటీ అంతా ఒక ఆడపిల్లతోనే. కారు ప్రమాదంలో మెడ విరిగి, మెడ కింద కదలికా స్పర్శా రెండూ పోయిన పిల్ల. ముక్కు మీద దురద పుట్టినా నన్నే పిలవాలి. వయసులో ఉన్న పిల్లకి అంతకన్నా నరకం ఏముంటుంది? పిలిచి పిలిచి విసిగి, చివరికి దాహం వేసినా నోరు విప్పడం మానేసింది. చచ్చిపోతే బాగుండునని నాతోనే అనేది. నేను కసురుకుని, స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

అప్పుడు వాళ్ళ నాన్న బయటి దేశం నుంచి శిక్షణ పొందిన కోతిని తెప్పించాడు. ఆయన్ని మేమందరం బాబా అనే పిలిచేవాళ్ళం. పిల్లి కన్నా చిన్నదైన ఆ కోతి నీళ్ళ గొట్టం నోటికి అందించేది, జారిన ఫోన్ తీసిచ్చేది, ముక్కు గోకేది. పని చేసినప్పుడల్లా పిల్ల గడ్డంతో మీట నొక్కితే కుర్చీకున్న గొట్టంలోంచి తేనె చుక్క పడేది. నియమం ఒక్కటే. ఆమె తప్ప ఇంకెవరూ దానికి తిండి పెట్టకూడదు. పెడితే ఆమె మాట వినదు. కోతి వచ్చాకే ఆ పిల్ల నవ్వు నేను చూశాను.

ఇంటి డ్రైవర్‌ది నిజామాబాద్ వైపు. ఆంజనేయస్వామి భక్తుడు, శనివారం ఒంటిపొద్దు. ఒక శనివారం వంటింటి వెనక చూశాను. పిడికిట్లో అరటిపండు ముక్క దాచి పట్టుకున్నాడు. కోతి అతని వేళ్ళు విప్పుకుని తినగానే చేతులు జోడించాడు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. ఇతను కోతినే దేవుణ్ణి చేసి కూర్చోబెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి పెడతాండావప్పా?"

"మస్తు దినాలైంది అక్కా. స్వామి కండ్ల ముంగట ఉంటే, పెట్టకుండ నేనెట్ల తింట?"

"ఆ బిడ్డ నోట్లో మట్టి కొడతాండావు. ఇంగ పెట్టొద్దు."

బాబాకి చెబితే అతన్ని ఆ రోజే ఊరికి పంపేస్తారు. అందుకే చెప్పలేదు, అతనికే చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అతను మానేశాడు. కోతి మాత్రం మానలేదు. తేనె ముట్టదు, ఎవరి చేయి కనబడినా వేళ్ళు విప్పి వెతుకుతుంది. పిల్ల గొంతు ఎండిపోయేదాకా పిలిచినా రాదు. ఇలాగైతే కోతిని తిరిగి పంపేస్తానని బాబా అన్నాడు.

ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెట్టి గదిలోకి వెళ్ళాను. పిల్ల టీవీ చూస్తోంది, కోతి ఒళ్ళో ఉంది, దుప్పటి మీద నెత్తురు. ఆ పిల్ల వేళ్ళు ఎప్పుడూ ముడుచుకునే ఉంటాయి. అందులో పండు ఉందనుకుని, విప్పుకోలేక కోతి కొరికేసింది. పిల్లకి తెలియనే తెలియదు. నా ముఖం చూశాకే కిందికి చూసింది.

"కడిగెయ్యి. బాబాకి చెప్పకు," అంది.

డ్రైవర్ మీదా, వాడి దేవుడి మీదా పట్టలేనంత కోపం వచ్చింది. కట్టు కడుతుండగానే బాబా వచ్చాడు. వేలు చూశాడు, కోతి మూతి చూశాడు.

"ఖలాస్," అన్నాడు. ఇక చాలని.

పిల్ల ఏడవలేదు. మెల్లగా, నచ్చజెబుతున్నట్టు అంది: "నాకు నొప్పి లేదు బాబా, నిజంగా లేదు. కావాలంటే ఇంకో వేలు కూడా కొరకనివ్వు, నువ్వే చూడు."

బాబా గోడకేసి తిరిగాడు. అటే చూస్తూ, కోతి వచ్చిన బోను తెమ్మని నాతో అన్నాడు. తెచ్చాను.