నాలుగు పచ్చ టిక్కులు

మూడు రోజులుగా ఒకటే ముసురు. శుక్రవారం పొద్దున్న పదింటికి వినీల బల్ల మీద పాత ఫోన్ మోగింది. అటు త్రిమూర్తులు, ఉండి ఊరికి అవతల నాలుగెకరాల చెరువు కౌలుకి చేసే రొయ్యల రైతు.

"రొయ్యలు తేలుతున్నాయమ్మా. ఒకటీ అరా కాదు, చెరువంతా పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మీ సిరివాగు ప్రో బెల్లంలో కలిపి ఆరు డ్రమ్ములు సిద్ధం చేశాను. రెండు పోసేశాను. మిగతావి ఇప్పుడే పొయ్యాలా, కాసేపాగి పొయ్యాలా?"

వినీల అరిచినంత పని చేసింది. "బాబాయ్, ఆపండి! చుక్క కూడా పొయ్యొద్దు! ఎవరు చెప్పారండీ మీకు?"

"ఎవరేంటమ్మా? ఫోన్లో ఏఐని అడిగాను. మీ కంపెనీ పేరే చెప్పింది. చదవమంటావా?" అని గడగడా చదివాడు. "రొయ్యలు తేలుతుంటే సిరివాగు ప్రో వెంటనే చల్లండి..."

ఇంకేదో అడిగేలోపు లైను తెగిపోయింది. తిరిగి చేస్తే సిగ్నల్ లేదు.

చెరువు గట్టు మీద తిరిగిన ఎవరినడిగినా చెబుతారు. ముసురులో రొయ్య పైకి తేలిందంటే నీళ్లలో గాలి చాలడం లేదని. అప్పుడు కావలసినవి నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు, ఆక్సిజన్ గుళికలు. ఈ మందేమో బతికున్న సూక్ష్మజీవులు, అవీ గాలి పీల్చేవే. మంచి రోజున పోస్తే నీరు బాగవుతుంది. ఇలాంటి పూట పోస్తే ఉన్న గాలి కాస్తా అవి లాగేసి గంటలో చెరువంతా చచ్చిన రొయ్యల్ని తెల్లగా తేల్చేస్తాయి.

అసలు వినీలకి చెమటలు పట్టించింది ఆ సంగతి కాదు. త్రిమూర్తులు చదివిన జవాబుకి ప్రశ్న ఆవిడ ఏరిందే.

భీమవరంలో రొయ్యల మేతా మందులూ అమ్మే ఆ కంపెనీలో పదకొండేళ్లు ఆవిడ పని ఫోన్ ఎత్తడమే. లూథరన్ చర్చి సంఘపెద్ద యెహెజ్కేలు గారి రెండో అమ్మాయి, బీయస్సీ చదివింది. రైతు ఎంత కంగారులో ఉన్నా ముందు నాలుగు ప్రశ్నలు అడిగి గానీ మందు పేరెత్తేది కాదు. నీళ్ల రంగేంటి, మబ్బుందా, ఏరేటర్లు తిరుగుతున్నాయా, నిన్న మేత ఎంత వేశారు? ఆ ప్రశ్నలకి విసుక్కున్నవాళ్లే తర్వాత ఇంట్లో పెళ్లయితే శుభలేఖ పట్టుకుని ఆఫీసుకొచ్చేవారు.

కిందటేడు ఆ పని తీసేసి రికార్డు గొంతు పెట్టారు. "రైతులు ఇప్పుడు మనకి చెయ్యట్లేదు వినీల గారూ, ఏఐని అడుగుతున్నారు. అది ఎవరి పేరు చెబితే వాళ్ల మందే కొంటున్నారు," అన్నాడు మార్కెటింగ్ చూసే ప్రవీణ్. అది మన పేరు చెబుతోందో లేదో ప్రతి సోమవారం అడిగి చూడడం ఇక వినీల పని. అడిగే ప్రశ్నల్ని ప్రాంప్టులంటారుట. ప్రవీణ్ తనే నలభై రాసుకొచ్చాడు. "సిరివాగు ప్రో మంచిదేనా?" "సిరివాగు మేత ఎక్కడ దొరుకుతుంది?" అన్నీ ఇదే వరస. నలభైకి ముప్పై తొమ్మిది చోట్ల కంపెనీ పేరొచ్చింది. రాదూ మరి! పేరు మనమే అందించి అడిగితే.

"చెరువు పోతుంటే కంపెనీ పేరు ఎవరికి గుర్తుంటుందండీ?" అంది వినీల. తన పాత నోటు పుస్తకాలు తీసింది. రైతు నోట వచ్చిన మాట వచ్చినట్టే రాసుకున్న పుస్తకాలవి. వాటిలోంచి నలభై ఏరి, సీడు, అంటే రొయ్యపిల్ల, వెయ్యకముందు అడిగేవి, వేసిన నెలకి అడిగేవి, రొయ్యకి తేడా చేశాక అడిగేవి, పట్టుబడికి ముందు అడిగేవి అని నాలుగు వాటాలు చేసింది. పేరు వస్తే పచ్చ టిక్కు, రాకపోతే ఎర్ర గీత. మొదటి సోమవారం నలభైకి మూడే టిక్కులు.

ఎర్ర గీతలున్న ప్రశ్నలన్నిటికీ ప్రవీణ్ కంపెనీ వెబ్‌సైట్లో జవాబులు రాయించాడు. రొయ్యలు తేలినా, మేత ముట్టకపోయినా, నీళ్లు చెడినా సిరివాగు ప్రో చల్లండి అని. ఏఐ వాటినే పట్టుకుంది. టిక్కులు పదకొండయ్యాయి, పంతొమ్మిదయ్యాయి. "రొయ్యలు పైకి తేలుతున్నాయి, ఏం చెయ్యాలి?" అన్న పదిహేడో ప్రశ్నకి వరసగా నాలుగు వారాలు పచ్చ టిక్కు పడింది. వినీలే పెట్టింది. జవాబులో పేరుందా లేదా అని వెతికింది, పేరు దొరకగానే కింద ప్రశ్నకి వెళ్లిపోయింది. జవాబు చదవలేదు. రైతుని నాలుగు ప్రశ్నలు అడిగి గానీ కదలని మనిషి, నాలుగు వారాలు ఒక్క జవాబూ చదవలేదు!

ఇక్కడ త్రిమూర్తులు ఫోన్ ఇంకా కలవడం లేదు. పది సార్లు చేసింది. కంగారులో ఒకసారి నంబరు తప్పు కొట్టింది. "ప్రభువా, ఆయన ఆ డ్రమ్ము ముట్టకుండా చూడు," అని పైకే అనేసింది. పక్క బల్ల భానుశ్రీ తల తిప్పి చూసింది.

పదిన్నరకి కలిసింది.

"బాబాయ్, పోశారా?"

"నువ్వాపమన్నావుగా, ఆపాను. కానీ ఇవి చస్తున్నాయే అమ్మా! తూర్పు గట్టు వారన తెల్లబడిపోతున్నాయి."

"ఏరేటర్లు తిరుగుతున్నాయా?"

"కరెంటు లేదు. తెల్లారినప్పట్నుంచీ లేదు."

"జనరేటరు?"

"డీజిలు అయిపోయింది. మావాడు తేవడానికెళ్లాడు."

"పక్క చెరువువాళ్లని డీజిలు అడగండి, కాళ్లు పట్టుకుని అడగండి. మీ దగ్గర ఆక్సిజన్ గుళికలు ఎన్నున్నాయో అన్నీ చల్లెయ్యండి, ముందు తూర్పు వైపు. మేత ఆపేశారా?"

"పొద్దున్న వేశాను."

"ఇంక వెయ్యకండి. ఫోన్ పెట్టకండి బాబాయ్, నేను లైన్లోనే ఉంటాను."

పావుగంట అలాగే పట్టుకుంది. వాన చప్పుడు, ఎవరో అరవడం, నీళ్లలో పరుగెత్తే కాళ్లు. తర్వాత దూరంగా జనరేటరు దగ్గి దగ్గి అందుకుంది. వినీల కుర్చీలో వెనక్కి వాలి ఏడ్చేసింది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. తూర్పు వైపు పావు వంతు పోయింది, మిగతాది నిలబడింది. "నువ్వు ఎత్తబట్టి," అన్నాడు త్రిమూర్తులు. "ఆ రికార్డు ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటోంది. నాకు విసుగొచ్చి సున్నా నొక్కాను." సున్నా నొక్కితే ఆ లైను ఇంకా వినీల బల్ల మీదికే వస్తుంది. తీయించడం ఎవరికీ గుర్తు లేదు.

సోమవారం మీటింగుకి కంపెనీ యజమాని మాధవరాజు గారు హుషారుగా వచ్చి కూర్చున్నారు. ఆయనకీ కాళ్ళ మండలం వైపు ముప్పై ఎకరాల చెరువులున్నాయి.

"ఈ వారం టిక్కులు ఎన్నమ్మా?"

"ఇరవై రెండండి," అన్నాడు ప్రవీణ్ ముందుగా. అందరూ చప్పట్లు కొట్టారు.

వినీల లేచి నిలబడింది. "పదిహేడో ప్రశ్నకి జవాబు చదువుతానండి," అని ఫోన్లోంచి మొదటి నుంచి చివరిదాకా చదివింది. త్రిమూర్తులు గట్టు మీద చదివినట్టే.

మాధవరాజు గారి మొహంలో నవ్వు ఆగిపోయింది. "తేలుతున్నప్పుడు అది పోస్తే చెరువు పోతుంది కదమ్మా! ఎవడు చెప్పాడిది?"

"మనమేనండి. ప్రశ్న నేనిచ్చాను, జవాబు మన సైటుది. పేరు కనబడిందని టిక్కు కూడా నేనే పెట్టాను. నాలుగు వారాలూ, ఇవాళా దానికే చప్పట్లు కొట్టామండి."

ప్రవీణ్ తల దించుకుని లాప్‌టాప్ తెరిచి, సైట్లో ఆ పేజీ తీసెయ్యడం మొదలుపెట్టాడు. వినీల షీటు తెరిచి, మిగిలిన ఇరవై ఒక్క జవాబులూ ఒక్కొక్కటే పైకి చదవసాగింది. మూడోదాని దగ్గరే మాధవరాజు గారు చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఇదీ తప్పేనమ్మా," అన్నారు మెల్లగా. "ముందు ఆ ఫోన్ మళ్లీ నువ్వు ఎత్తు."