మిక్స్ పెట్రోల్

మా ఆయన ఇనుప ఖనిజం తవ్వే ఖదాన్‌లో పనికి పోయిన ఆ సంవత్సరాల్లో, మిరప చేనుకు మందు కొట్టే పని నాదే అయింది. వీపున మోసే ఆ మిషన్‌కు ఉత్త పెట్రోల్ పనికిరాదు, కొంచెం ఇంజనాయిల్ కలిపి పోయాలి. భోపాల్‌పట్నంలో ఒక సేఠ్ అలా కలిపి సీసాల్లో అమ్మేవాడు. మేమంతా దాన్ని మిక్స్ అనేవాళ్లం.

ఒకనాడు ఆ మిక్స్ పోశాక మిషన్ తెల్లటి పొగ కక్కి చేను మధ్యలోనే ఆగిపోయింది. ప్లగ్గు విప్పితే మసి, తడి, గుప్పుమని కిరసనాయిలు వాసన. మిషన్ వీపున వేసుకుని నేరుగా దుకాణానికి పోయాను.

"ఆడోళ్ల చేతుల మిషన్ పడితే గింతే అక్కా" అన్నాడు సేఠ్.

ప్లగ్గు అతని ముక్కు కింద పెట్టాను. "ఇదేంది? గ్యాసునూనె కలిపినవా లేదా?"

సిగ్గైనా పడలేదు. "మిక్స్ అడిగినవ్, మిక్సే ఇచ్చిన" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ట్యాంకులోది అతని గుమ్మం ముందే ఒంపేశాను.

"ఉత్త పెట్రోల్ తియ్యి. ఆయిల్ నేనే కలుపుకుంట."

నవ్విన వాళ్లు ఇప్పుడు అతని వంకే చూస్తున్నారు. ఇక తప్పక పెట్రోలు, ఆయిలు వేరువేరుగా తీశాడు. రోడ్డు అవతలికి పోయి ట్యాంకు కడిగాను, ప్లగ్గు తుడిచి బిగించాను, ఆయిల్ కలిపి పోసి తాడు గుంజాను. మొదట దగ్గింది. మళ్లీ గుంజితే బజారు దద్దరిల్లేలా అందుకుంది.

ఆ మోతలో వినబడాలని గొంతు చించుకుని అరిచాను: "ఆడోళ్ల చేతుల మిషన్ పడితే గింతే, సేఠ్!"