పదకొండు మీద ఎనిమిది నూళ్లు

గుండీలక్క పొట్టి మనిషి. ఆ సంగతి ఆమె పనిచేసే కుట్టు వర్క్‌షాపులో అందరికన్నా బాగా కోతబల్లకే తెలుసు. ఆ బల్ల అంచు ఆమెకు ఛాతీ దాకా వస్తుంది. ఇరవై రెండేళ్ల కిందట, చేరిన కొత్తలో, "మాస్టారూ, నాకూ కోత నేర్పండి" అని అడిగితే, కోతమాస్టరు కళ్లద్దాల మీంచి చూసి, "బల్ల నీకు అందదమ్మా. ముందు గుండీలు కుట్టు" అన్నాడు. ఆ 'ముందు' ఇరవై రెండేళ్లు సాగింది. కిటికీ కింద ముక్కాలి పీట ఆమెదైపోయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండిపోయింది. అయితే ఏం, ఒళ్లో కోటు, చేతిలో సూది, నోట్లో దారం ఉన్నా, ఎదురుగా బల్ల మీద కత్తెర ఎటు తిరుగుతోందో ఓ కన్ను వేసే ఉంచేది. ఎవరూ గమనించలేదు. గుండీలు కుట్టే మనిషి ఎటు చూస్తోందో ఎవరిక్కావాలి?

ఆ నెలలో వర్క్‌షాపుకి పెద్ద పని తగిలింది. కొత్త వంతెన ప్రారంభానికి వాయించబోయే బ్యాండు మేళంలోని అరవై నాలుగు మందికీ తలా ఒక కోటు కుట్టాలి. మాస్టరు ఒక్కొక్కరినీ నిలబెట్టి, మనిషికి ఏడు కొలతలు తీసి, పొడుగు నోటు పుస్తకంలో రాసుకున్నాడు. రాసిన వారానికే కంటికి ఆపరేషన్ జరిగింది. మూడు వారాలు వంగకూడదు, కన్ను మీద కట్టు తియ్యకూడదు అన్నాడు డాక్టరు. రెండో కన్ను ఎప్పటి నుంచో మసకే. ప్రారంభం చూస్తే పదహారు రోజుల్లో ఉంది.

కొలతలున్నాయిగా, కోసెయ్యొచ్చుగా అనకండి. ఒకడి ఛాతీ ఎంతో తెలిసినంత మాత్రాన గుడ్డ ఎక్కడ కొయ్యాలో తెలియదు. కొలతను భాగించాలి, వదులు కలపాలి, కుట్టుకి విడవాలి. ఆ లెక్కంతా మాస్టరు తలలో ఉంది. బుర్ర తెరిచి చూసే కత్తెర ఇంకా రాలేదు.

బుధవారం పొద్దున ఓనరమ్మ అందరినీ పిలిచింది. "శుక్రవారం పదకొండింటికి అరవై నాలుగు మంది కోతలెక్కా నా చేతిలో ఉండాలి. లేదంటే గుడ్డ మొత్తం బయటి వర్క్‌షాపుకి పంపేస్తా. వాళ్లు చిన్న, మధ్య, పెద్ద అని మూడు సైజుల్లో కోసి పడేస్తారు. ఇకముందు కూడా అంతే. ఈ బల్ల తీసేసి ఇస్త్రీ మెషిన్ పెట్టిస్తా."

బల్ల పోతే! గుండీలక్క చూపు బల్ల మీదకే పోయింది. ఇన్నేళ్లూ అందని బల్లే కావచ్చు, కానీ ఎదురుగా ఉన్నంత కాలం ఎప్పుడో ఒకప్పుడు అన్న ఆశైనా ఉంది. ఆలోచించే లోపే నోరు జారింది. "ఆ లెక్క నేనిస్తానమ్మా."

"నువ్వా?" అంది ఓనరమ్మ. "నేనే" అంది అక్క, ఒక అడుగు ముందుకేసి.

ఆమె ధైర్యమంతా ఆసుపత్రి ఆఫీసులో పనిచేసే చెల్లెలు. నర్సుల డ్యూటీ పట్టికలన్నీ ఆ పిల్ల ఫోన్లోనే, గడులగడులుగా ఉండే ఓ యాప్‌లో చేస్తుంది. అక్క ఫోన్లోనూ అదే వేసిపెట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళ అక్క ఫోన్ చేసింది.

"ముందు గడి మీద రెండుసార్లు తట్టు, సమానం గుర్తు పెట్టు" అంది చెల్లెలు. "అది లేకపోతే నువ్వు చెప్పింది రాసుకుంటుందే గానీ లెక్క చెయ్యదు."

"తడుతున్నానే, పలకట్లేదు."

"ఎలా తడుతున్నావ్?"

చూసుకుంటే వేలికి ఇత్తడి తొడుగు అలాగే ఉంది. తీసేసి తట్టినా పలకలేదు. ఇరవై రెండేళ్లు సూది గుచ్చుకున్న వేలు, కాయకట్టిపోయింది. ఇంత పని చేసిన వేలిని గుర్తుపట్టని ఫోనూ ఓ ఫోనేనా? చివరికి ఏ పనీ చెయ్యని చిటికెన వేలు పెడితే ఠక్కున పలికింది. లోకమే అంత అనుకుని, చిటికెన వేలితోనే నోటు పుస్తకం మొత్తం ఎక్కించింది. మిగిలిన రోజంతా దానికే పట్టింది.

గురువారం మాస్టరు కంటికి కట్టుతో వచ్చి బల్ల పక్క కుర్చీలో కూర్చున్నాడు. "సూత్రం గీత్రం ఏం లేదమ్మా. అంతా చేతి అలవాటు" అన్నాడు.

"ఛాతీలో నాలుగో వంతుకి అంగుళం మీద రెండు నూళ్లు కలుపుతారు. పొట్ట గనక ఛాతీని మించితే ఇంకో నాలుగు నూళ్లు." అంగుళంలో ఎనిమిదో వంతుని దర్జీలు నూలు అంటారు. "అవునా, కాదా?" అంది అక్క.

మాస్టరు కుర్చీ అంచుకి జరిగాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"మీ కత్తెరే చెప్పింది. నేనెదురుగానే కూర్చున్నాగా."

ఆ తర్వాత ఆయన దాచలేదు. భుజం, చంక, చెయ్యి, మెడ, ఒక్కొక్కటీ చెబుతుంటే ఆమె ఎక్కిస్తూ పోయింది. పొట్ట సంగతికి చెల్లెలు చెప్పిన 'ఇఫ్' అనే సూత్రం సరిగ్గా అతికింది. పొట్ట గడి ఛాతీ గడిని మించితే ఇంత కలుపు, లేకపోతే ఊరుకో. మాస్టరు మనసులో జరిగే మాటని ఫోను ఇంత పొందికగా అర్థం చేసుకోవడం చూసి అక్కకి ఒళ్లు జలదరించింది. ఇక మొదటి వరస లెక్కని చివరి దాకా లాగడమే. గడి మూలనున్న నీలం చుక్క పట్టుకుని కిందికి లాగింది. అరవై నాలుగు మందికీ జవాబులు జరజరా వచ్చి కూర్చున్నాయి! పీట మీంచి ఒక్క ఉదుటున లేచింది. ఒళ్లోని గుండీలు గచ్చంతా దొర్లాయి. వాటిని ఏరుకుంటూ కూడా నవ్వుతూనే ఉంది.

శుక్రవారం తొమ్మిదింటికి మాస్టరు, "చూడలేను కదా, చదువు" అన్నాడు. ఆమె హుషారుగా మొదలుపెట్టింది. "ఒకటి, బాకా వాయించే ఆయన. ముందు ముక్క, పదకొండు మీద ఎనిమిది నూళ్లు."

"ఎన్ని నూళ్లు?"

"ఎనిమిది."

"ఎనిమిది నూళ్లంటే అంగుళం కదమ్మా. పదకొండు మీద ఎనిమిదేమిటి, పన్నెండని అనక? అయినా ఆయన ఛాతీ నలభై రెండు మీద నాలుగు. నా లెక్కకి పదకొండు మీద ఏడే రావాలి. ముందు రెండు, వెనక రెండు, నాలుగు ముక్కలకీ ఒక్కో నూలు పెరిగితే కోటు అరంగుళం వదులై బాకాతో పాటు ఊగుతుంది."

అక్క ముఖం మాడిపోయింది. తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసింది, అందుకే ఇంకా సిగ్గేసింది. నలభై రెండు మీద నాలుగు నూళ్లని దర్జీలు నలభై రెండు, చుక్క, నాలుగు అని రాస్తారు. ఆ చుక్క తర్వాత ఎనిమిదిలో నాలుగని దర్జీకి తెలుసు. ఫోను దర్జీ కాదు. అది పదిలో నాలుగనుకుంది. అరవై నాలుగు కోట్ల లెక్కా అదే తప్పుతో తయారైంది. ఆయన పైకి చదవమనకపోతే గుడ్డంతా ఆ తప్పుతోనే కోతకి వెళ్లిపోయేది.

చెల్లెలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఉంది. గడియారం తొమ్మిదింపావు.

"అంతేలే, ఇస్త్రీ మెషినే వస్తుంది" అన్నాడు మాస్టరు, కోపంగా కాదు, అలసటగా.

ఆ మాటకి ఆమెకి రోషం పొడుచుకొచ్చింది. యాప్‌లో సూత్రాల జాబితా తెరిచి, చిటికెన వేలితో ఒక్కొక్కటీ నొక్కి కింద రాసింది చదవసాగింది. ఒకటి అప్పు లెక్కది, ఒకటి తేదీలది, ఒకటి ఏమిటో దేవుడికే తెలియాలి. అలా ఓ పాతికైనా చూశాక దొరికింది. 'ఇంట్'. చుక్క ముందున్న అంకెని మాత్రం ఇస్తుందట.

"మాస్టారూ, చుక్క ముందుది విడదీస్తా. మిగిలినదాన్ని పదితో హెచ్చించి, ఎనిమిదితో భాగించి, మళ్లీ కలుపుతా. అప్పుడు నూళ్లు నూళ్లే అవుతాయి. జవాబు వచ్చాక తిరగేసి మళ్లీ మన భాషలోకి తెస్తా."

మాస్టరు పెదవులు కదిపి లెక్క వేసుకున్నాడు. వీపు నిటారైంది. "వెయ్యి. పెద్ద డోలు ఆయన. ఛాతీ నలభై ఆరు మీద నాలుగు. పొట్ట ఛాతీని మించింది. నేను తలలో చేస్తా, నువ్వు దాంట్లో చెయ్యి."

ఇద్దరూ పందెం పెట్టుకున్నట్టు మొదలుపెట్టారు. "పదమూడు మీద మూడు" అన్నాడు మాస్టరు. ఫోనూ అదే అంది. పిల్లనగ్రోవి ఆయన, తాళాల ఆమె, అందరికన్నా పొడుగువాడు. పదిమందిని పరీక్షిస్తే పదికి పది కలిశాయి. పదకొండో మనిషి దగ్గర మాస్టరే ఒక నూలు తప్పాడు. తప్పినట్టు ఒప్పుకుని, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, పగలబడి నవ్వాడు. ఆమె నీలం చుక్క పట్టుకుని మళ్లీ కింది దాకా లాగింది. ఈసారి ఎక్కడా ఎనిమిది నూళ్లు లేవు. ఆ ఆనందం ఎలా పట్టాలో తెలియక ఆమె బల్ల అంచుని రెండు చేతులా పట్టుకుంది.

పదకొండింటికి ఓనరమ్మ వచ్చింది. పట్టికని పైనుంచి కిందికి చూసి, "మాస్టారూ, ఇది నమ్మొచ్చా?" అని అడిగింది.

"నన్ను నమ్మినట్టే నమ్మండి. నాకన్నా ఒక నూలు ఎక్కువే నమ్మండి."

ఓనరమ్మ ఫోను తిరిగి ఇచ్చేసింది. "అయితే బల్ల ఉండనీ. కొయ్యడం మాత్రం ఎవరు?"

గుండీలక్క వెళ్లి తన ముక్కాలి పీటని కిటికీ కింద నుంచి లాక్కొచ్చి, దాని మీద ఓ చెక్క పలక వేసి ఎక్కింది. బల్ల సరిగ్గా నడుము దగ్గరికొచ్చింది. ఇంత తేలికైన ఉపాయం ఇరవై రెండేళ్లు ఎవరికీ తట్టలేదంటే ఏమనాలి? సుద్దతో గీత గీసింది. పదకొండు మీద ఏడు నూళ్లు. కత్తెర కరకరలాడుతూ సాగింది.

సోమవారం బాకా ఆయన వచ్చి మొదటి కోటు తొడుక్కున్నాడు. మాస్టరు అరచేత్తో వీపంతా తడిమి, భుజం మీద ఆగి, చంక దగ్గర వేలు దూర్చి చూశాడు. "గాలి పీల్చు" అన్నాడు. ఆయన బాకా వాయించేటప్పటిలా నిండా పీల్చాడు. కోటు ఎక్కడా ముడత పడలేదు.

"సరిపోయింది. గుండీలు తప్ప" అంది ఓనరమ్మ. "కోటుకి ఎనిమిది, అరవై నాలుగు కోట్లు. ఈమె బల్ల దగ్గరుంటే అన్ని గుండీలు ఎవరు కుడతారు?"

అది మాత్రం అక్క ఆలోచించలేదు. కత్తెర చేతిలో అలాగే ఆగిపోయింది. దిగమంటారేమోనని ఆమె రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది.

మాస్టరు తడుముకుంటూ కిటికీ వైపు నడిచి, ఆమె పీట ఖాళీ చేసిన చోట ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బాకా ఆయన విప్పి ఇచ్చిన కోటు ఒళ్లోకి లాక్కున్నాడు. "గుండీకి కన్నెందుకు, వేళ్లు చాలు" అని, సూది ఆమె వైపు చాచాడు. "దారం ఒక్కటే ఎక్కించి ఇవ్వు మాస్టారూ."