మస్తాన్ మేస్త్రీ అడగని రసీదు

పదకొండేళ్లుగా మా ఇంట్లో ఒక తలుపు వేసుకున్న ప్రతిసారీ నాకు ఊపిరాడదు. అది బాత్రూం తలుపు. నవ్వుకోండి, పర్వాలేదు. లోపల నేనొక్కణ్ణే ఉంటాను, గడియ తీస్తే బయటికి రావచ్చు, అయినా బయటపడినట్టు ఉండదు. ఎందుకో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను.

సత్తెనపల్లి దగ్గర ఒక ఊళ్లో బడిపంతులుని. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ పెరటి చివరిదాకా నడవలేకపోతోందని, నా భార్య తన చీటీ పాడి, ఇంట్లోనే బాత్రూం కట్టిద్దామంది. చీటీలో వచ్చిన నలభై వేలూ మస్తాన్ మేస్త్రీకి అడ్వాన్సుగా ఇచ్చాం. మా వైపు అంతే. ముందు డబ్బు చేతిలో పడితేనే చిన్న మేస్త్రీ సిమెంటు తేగలడు, కూలీల్ని పిలవగలడు. కాగితాలేవీ ఉండవు. మాటే.

అంతలో మిరపకోతలు మొదలయ్యాయి. అక్కడ కూలి ఎక్కువని అతని మనుషులంతా చేలకి వెళ్లిపోయారు. ఒక సాయంత్రం బడి వదిలాక మస్తాన్ నా తరగతి గదికి వచ్చాడు. రెండు నెలల దాకా పని మొదలుపెట్టలేనని, అందాకా మా డబ్బు తన దగ్గర ఉంచుకోవడం బాగుండదని, పేపర్లో చుట్టిన నోట్లు బల్ల మీద పెట్టాడు. రసీదు అడగలేదు. నేనూ రాసివ్వలేదు.

ఆ పొట్లం ఇంటికి చేరలేదు. పది టిక్కీలు, అంటే పది బస్తాల మిరపకాయలు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టించాను. రేటు పెరుగుతుందని ఊరంతా అనుకుంటున్న రోజులవి. రెండు నెలల్లో అమ్మేసి అసలు మేస్త్రీకి, లాభం నా భార్య చేతికి ఇద్దామనుకున్నాను. దొంగతనం చేస్తున్నానని అనిపించలేదా? లేదు. తెలివైన పని చేస్తున్నాననిపించింది.

రేటు పడిపోయింది. అమ్మితే సగం కూడా రాదు. మస్తాన్ బడికొచ్చి, మొదలుపెడదామా అని అడిగితే కబురు చేస్తానన్నాను. మేస్త్రీ ఎప్పుడొస్తాడని నా భార్య అడిగితే వస్తాడులే అన్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను.

వానలు పడ్డాక అమ్మ పెరట్లో జారి పడింది. చెయ్యి విరిగింది. ఆ మర్నాడు నా భార్య నేరుగా మస్తాన్ పనిచేస్తున్న ఇంటికే వెళ్లింది. ఆ ఇంటి ఓనరు ముందు, కూలీల ముందు, "ఏం మేస్త్రీ, మా గోడలు నీ కడుపులో లేస్తున్నాయా?" అందట. మాస్టారికి తిరిగిచ్చేశానని అతనంటే నమ్మలేదు. అతను తాపీ కింద పెట్టి ఆవిడ వెంటే మా ఇంటికొచ్చాడు. ఆ ఓనరూ వచ్చాడు. వాకిట్లో ఇరుగుపొరుగు చేరారు.

"మీరే చెప్పండి మాస్టారూ. బళ్లో మీ చేతికిచ్చానా, లేదా?"

అవును అంటే చాలు. అమ్మ చేతికట్టు కనిపిస్తోంది. నా భార్య నావైపే చూస్తోంది.

"ఇప్పుడెందుకులే మస్తాన్, గొడవ. నీకు వీలైనప్పుడే ఇద్దువుగాని" అన్నాను.

లేదనలేదు చూడండి. నేను అబద్ధం ఆడలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అంతకంటే పెద్ద అబద్ధం ఉంటుందా? ఎంత మంచివాడండీ మాస్టారు, అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. మస్తాన్ చేతికంటిన సిమెంటు లుంగీకి తుడుచుకున్నాడు. అరవలేదు, ఒట్టు పెట్టలేదు. పక్కనే ఆ ఓనరున్నాడు. అడ్వాన్సు తినే మేస్త్రీ అని పేరొస్తే ఎవరూ పైసా ముందివ్వరు. ముందివ్వకపోతే అతనికి పనే లేదు.

"రేపు ఇసుక తోలిస్తానమ్మా" అన్నాడు, నా భార్యతో.

కట్టాడు. తన డబ్బుతో. ఇటుకలు అతని భార్య మోసింది. నేల వాలు ఎంత బాగా తీశాడంటే ఇప్పటికీ చుక్క నీరు నిలవదు. మేం అడక్కుండానే, అమ్మ పట్టుకుని లేవడానికి గోడకి ఇనప కడ్డీ బిగించాడు. పోయేదాకా అమ్మ దాన్నే పట్టుకుంది. ఇప్పుడు నా మోకాళ్లూ పోయాయి. నేనూ దాన్నే పట్టుకుంటున్నాను.

ఇంత చేసినా అతని పేరు నిలవలేదు. పనులు తగ్గిపోయి, తాడేపల్లి వైపు అపార్టుమెంట్లలో రోజుకూలికి వెళ్లిపోయాడు.

పోయిన నెల పైన గది వేయిద్దామని ఒక కొత్త మేస్త్రీని పిలిచాం. అడ్వాన్సు మాటెత్తగానే నా భార్య ఎప్పటిలాగే మస్తాన్ కథ చెప్పింది. నేను ఎప్పటిలాగే తలూపాను.

"ఆయన దగ్గరే పని నేర్చుకున్నానమ్మా" అన్నాడతను నొచ్చుకుంటూ. "అడ్వాన్సు తీసుకునేటప్పుడు సాక్షి లేకపోయినా పర్లేదు, తిరిగిచ్చేటప్పుడు మాత్రం ఇద్దరి ఎదుట ఇవ్వరా అనేవాడు."

ఎందుకలా అనేవాడో మస్తాన్ అతనికి ఎప్పుడూ చెప్పలేదట.

నా భార్యకి ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలీదు. మస్తాన్ ఫోన్ నంబరు ఆ కొత్త మేస్త్రీ దగ్గరుంది. నేను అడగలేదు. క్షమించమని ఎవర్నీ అడగడానికి కాదు ఇదంతా. ఆ రోజు రాయాల్సింది ఒకటి మిగిలిపోయింది, అది రాస్తున్నాను.

నలభై వేలు మస్తాన్ మేస్త్రీ నాకు తిరిగిచ్చాడు. బళ్లో, నా బల్ల మీద. అవి నాకు ముట్టాయి.

కింద సంతకం పెట్టలేకపోయాను. కానీ ఈ మూడు ముక్కలూ రాశాక, చాలా ఏళ్లకి ఊపిరి లోపలిదాకా వెళ్లింది.