గద్దల్ని చూడని గంట

మా ఊరి వెనక కొండగట్టు మీదుగా, కార్తీకంలో ఎండ కాసిన రోజుల్లో, ఉత్తరం నుంచి వచ్చే గద్దలు దక్షిణానికి పోతాయి. చిన్నప్పటి నుంచి కట్టెలకూ చీపురుగడ్డికీ ఆ కొండ ఎక్కుతున్నా, నేను ఎన్నడూ తలెత్తి వాటిని చూసింది లేదు. తిరుపతి కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మేడమ్ వచ్చి, పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా గట్టు మీద కూర్చుని వాటిని లెక్కపెట్టే మనుషులు కావాలంటే, మా వదినా నేనూ ఒప్పుకున్నాం. వదిన అంటే నా భర్తకు అక్క. అరవై దాటినా ఆమె చూపు తగ్గలేదు, కానీ అక్షరం రాదు. నేను యాభై దాటాక కోడలి దగ్గర పలక పట్టి రాయడం నేర్చుకున్నాను. ఆమె చూసి చెప్పేది, నేను రాసేదాన్ని. ఆమె లేచి అటూ ఇటూ పోయినప్పుడు బైనాక్యులర్ పెట్టుకుని నేనే చూసేదాన్ని.

గద్దలు ముందు లోయలో వేడెక్కిన గాలి మీద చుట్లు తిరుగుతూ పైకి లేస్తాయి. అప్పుడు లెక్కపెడితే ఒకే పక్షి నాలుగుసార్లు లెక్కలోకి వస్తుంది. బాగా పైకి పోయి, రెక్కలు చాచి, ఒకదాని వెంట ఒకటి దక్షిణానికి జారిపోయేటప్పుడే లెక్క. మేడమ్ ఇచ్చిన కాగితంలో గంటకొక గడి. చూసినా ఏమీ పోకపోతే గడిలో సున్నా పెట్టాలి. చూడకపోతే గీత గీయాలి.

"ఈ రెండూ ఒకటి కాదమ్మా. సున్నా అంటే మీరు సాక్ష్యం చెప్పినట్టు" అని మేడమ్ మొదటి రోజే రెండుసార్లు చెప్పింది.

తర్వాత ఒక రోజు గట్టు ఎక్కుతుండగా దారి పక్క బురదలో అడుగులు కనిపించాయి. వదిన వంగి, పక్కన అరచెయ్యి పెట్టి చూసింది.

"సిరుత. నా అరచెయ్యంత ఉండాది."

"వెనక్కి పోదామా వదినా?"

"పోయిందిలేమ్మే. మనకంటే ముందే లేసి డూటీకి పోయింది."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అలిపిరి మెట్లదారిలో అయితే చిరుత భయానికి జనాన్ని గుంపులు కట్టించి పంపుతారు. ఇక్కడ మేమిద్దరమే గుంపు.

పదకొండు కావస్తుండగా గాలికి కాగితం ఎగరబోతే పట్టుకోబోయి, నీళ్ళ క్యానును కాలితో తన్నేశాను. మూత సరిగా బిగించలేదు. నీళ్ళన్నీ బండ మీద పారిపోయాయి.

"పాలు తన్నే ఆవు నయం నీకంటే" అంటూ వదిన క్యాను చంకన పెట్టుకుని గట్టు కింద ఊటకు బయలుదేరింది. పోయి రావడానికి పావుగంట. "ఆకాశం సూస్తా ఉండు. నేనొచ్చే లోపల పోయినవన్నీ నీ మెడకే."

ఆ అడుగులు గుర్తొచ్చి, ఆమె దిగినప్పటి నుంచీ నేను ఆకాశం వదిలి దారినే చూస్తున్నాను. పావుగంట అయింది. అరగంట అయింది. కింద ఊట వైపు నుంచి కొండముచ్చులు ఒక్కసారిగా అరిచాయి. చిరుతను చూస్తే అవి దగ్గినట్టు అరుస్తాయి, మా వైపు ఎవరికైనా తెలుసు. కాసేపటికి ఆ అరుపులు కూడా ఆగిపోయాయి. అరుపు కంటే ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయమేసింది.

లేచి పోవాలి. నా వల్లనే కదా ఆమె కిందికి పోయింది. లేచాను కూడా. దారి మలుపు దాకా నాలుగడుగులు వేసి, అక్కడి పొదలు కదిలినట్టు అనిపించి, వెనక్కి వచ్చి బండకు వీపు ఆనించి కూర్చున్నాను. కేకేసి పిలుద్దామనుకుని ఆగాను. నా గొంతు విని ఆమె రాకముందే అది వస్తే? మేడమ్‌కు ఫోన్ చేశాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది, క్లాసులో ఉండి ఉంటుంది. ఇంటికి చేసి ఏమని చెప్పాలి? ఆమె పోయింది, నేను ఇక్కడే కూర్చుని ఉన్నాను అనా? దూరంగా కింద, ఘాట్ రోడ్డు మీద బస్సులు అగ్గిపెట్టెల్లా ఎక్కుతూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగి నా వైపు చూసేది కాదు.

పన్నెండయింది. పదకొండు నుంచి పన్నెండు గడి ఖాళీగా ఉంది. ఆ గంటంతా నేను దారి మలుపునే చూశాను, ఒక్కసారీ తల ఎత్తలేదు. గీత గీయాలి. కానీ రేపు జనం వచ్చి, ఆమె కింద ఉన్నప్పుడు నువ్వేం చేస్తున్నావని అడిగితే? గీత ఉంటే నేను పనీ చెయ్యలేదు, వెతకనూ లేదు. సున్నా ఉంటే పనిలో ఉన్నానని చెప్పుకోవచ్చు. ఇంత చదువు నేర్చుకున్నది ఇందుకేనా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. సున్నా పెట్టేశాను.

ఆ తర్వాత కొంచెంసేపటికి మలుపులో గులకరాళ్ళు జారిన చప్పుడైంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఏమ్మే, నిద్రబోతా ఉండావా?"

వదిన. చీర అంచు చినిగిపోయింది, మోచెయ్యి గీరుకుపోయి ఉంది. క్యానులో సగమే నీళ్ళు. కూర్చుని ఊపిరి పీల్చుకున్నాక చెప్పింది. ఊట పైబండ మీద చిరుత పడుకుని ఉందట. ఈమె పక్కనున్న బండసందులో దూరి నిలబడిందట. అది దిగి నీళ్ళు తాగి, ఈమె వైపు చూసి, అక్కడే కూర్చుని కాళ్ళు నాకుకుంటూ ఉండిపోయిందట.

"పరిగెత్తాలని కాళ్ళు ఒగటే లాగతా ఉండాయి. పరిగెత్తితే అయిపోతానని తెల్సు. సందులోంచి ఆకాశం రవ్వంత కానొస్తా ఉన్నింది. గద్దలు పోతా ఉండాయి. లెక్కబెట్టుకుంటా నిలబడినా. ఇరవై మూడు. నువ్వు రాసుకుంటివా?"

నేను కాగితం మీద చెయ్యి పెట్టి కప్పేశాను.

"అది ఎటు పోయింది వదినా?"

"ముచ్చులు అరిసేతలికి లేసి నీ తట్టుకే ఎక్కింది. మళ్ళీ వస్తాదేమోనని నేను సానాసేపు సందులోనే ఉంటిని. నువ్వు సూల్లేదా?"

నేను కళ్ళార్పకుండా చూసిన మలుపు పక్కనే ఎక్కడో అది పోయింది. నేను దాన్నీ చూడలేదు, గద్దల్నీ చూడలేదు.

చెయ్యి తీసి సున్నాను కొట్టేసి, పక్కన గీత గీశాను. ఆమె లెక్క గడిలో రాయడానికి లేదు. గట్టు మీద నుంచి చూసినవే రాయాలి. కుడి పక్క 'ఎండ', 'గాలి', 'మబ్బు' అని ఒక్కొక్క మాట రాసే చోట, ఎవరూ చెప్పకుండా నా అంతట నేను మొదటిసారి వాక్యాలు రాశాను.

"ఏం రాస్తా ఉండావు అంతసేపు?"

ఆమెకు చదవడం రాదు. నేను ఏం చదివినా నమ్మేది. ఉన్నదే చదివాను. "ఈ గంట ఆకాశం చూడలేదు. భయపడి కూర్చున్నాను."

వదిన మోచేతి మీద నీళ్ళు పోసుకుంటూ అడిగింది. "నన్ను ఎతకను రాలేదని గూడ రాసినావా?"

"దానికి గడి లేదు వదినా."

ఆమె క్యాను నా వైపు జరిపింది. "తాగు. వచ్చింటే మాత్రం ఏంజేసిందువు? ఆ సందులో ఒగరికే చోటుండాది."

మూడయ్యాక దిగాం. ఆమె ముందు, నేను వెనక, దారి పొడుగునా ఆమె చీర చినుగు మీదే చూపు పెట్టి నడిచాను. ఆ సందులో నిజంగా ఒకరికే చోటుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ గట్టు ఎక్కినా, ఊట దాకా దిగి చూడలేదు.