బీరపాదుకు కట్టిన ఎర్రదారాలు

నేను బడికి సెలవు పెట్టింది ఐదో తరగతిలో. ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది. చదువు అబ్బలేదు గానీ తెలివికి కొదవ లేదని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. ఆ తెలివి ఏ మాత్రమో తేలిన ఎండాకాలం సంగతి ఇది.

ధర్మవరంలో మా ఇంట్లో ఉండేది నేనూ, నన్ను పెంచిన అవ్వా. నేను పట్టుచీరలు నేసేవాణ్ణి. అవ్వ పెరట్లో బీరపాదు పెట్టి పందిరికి పాకించింది. స్నానాల నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు అన్నీ దానికే. వంకాయ, బెండ ఎండకు మాడిపోయినా ఆ పాదు మాత్రం పగబట్టినట్టు కాసింది. పొద్దున బీరకాయ పప్పు, రాత్రికి బీరకాయ కూర, చెక్కుతో రోటి పచ్చడి. నెల తిరిగేసరికి బీరకాయ పేరు వింటే నాకు ఆకలి చచ్చిపోయేది.

మా ఇంట్లో విత్తనానికి వదిలే కాయకు ఎర్ర పట్టుదారం కడతారు. దాన్నిక ఎవరూ కోయరు. అవ్వకు చూపు ఆనదు. తొడిమ తడిమి, దారం తగలకపోతేనే కోస్తుంది. మగ్గం కింద దారం తునకలకు కరువా? ఒక మధ్యాహ్నం అవ్వ కునుకు తీస్తుండగా ప్రతి కాయకూ, వేలెడు పిందెలతో సహా, ఒక్కో దారం కట్టేశాను.

వారం రోజులు హాయిగా చింతచిగురు పప్పు తిన్నాం. అవ్వ రోజూ పందిరి కింద నిలబడి "ఇన్నిటికి నేనెప్పుడు కడితినో" అని గొణిగేది. అది వినబడకుండా నేను మగ్గం గట్టిగా ఆడించేవాణ్ణి.

ఇంతలో హిందూపురం నుంచి కబురు. పిల్లనిచ్చే ఆలోచనలో ఉన్న పెద్దాయన ఆదివారం మా ఇల్లు చూడడానికి వస్తున్నాడు. ఆ పిల్లను పెనుకొండలో ఒక పెళ్ళిలో చూశాను. అప్పటినుంచీ వేరే సంబంధం ఊసెత్తితే నాకు చెవులు వినబడేవి కావు.

ఆదివారం వచ్చే ఆయనకు పప్పొక్కటే పెడితే బాగుండదని, కూరకు కాయలు కోయడానికి అవ్వ పందిరి దగ్గరికి పోయి ఉత్త చేతులతో వచ్చింది.

"కాయలేవి అవ్వా? ఆయన వచ్చే యాళయింది."

"యాడుండాయిరా? అన్నిటికీ దారాలే."

"తెంపి కొయ్యి."

"దారం కట్టినాక అది విత్తనం. కోస్తే మళ్ళేడు పాదు మొలవదు."

నేనే పోయి ఒక కాయ పట్టుకున్నాను. పీచు కట్టి ఉంది. ఒళ్ళు రుద్దుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

పెద్దాయన వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయి, పందిరి కింద ఆగిపోయాడు.

"ఏమవ్వా, ఇన్ని విత్తనానికి ఇడిసినారు? ధర్మవరమంతా బీరపాదులే పెట్టిస్తారా ఏమి?"

అవ్వ ఒక దారం అందుకుని ముడి తడిమింది. "ఇది నేనేసిన ముడి కాదప్పా. మగ్గం మీద తెగిన పోగు అతికే ముడి."

ముసలిది మొదటి రోజే కనిపెట్టింది. వారమంతా గొణిగింది నాకోసమే.

ఆయన నా వైపు తిరిగాడు. "ఎందుకప్పా ఈ పని?"

నాలుగు అబద్ధాలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ నిలబడేటట్టు లేదు.

"బీరకాయ తినలేక, మామా."

సంబంధం కుదరకముందే మామా అనేశానని ఆ తర్వాత తెలిసింది. ఆయన నవ్వలేదు. చింతచిగురు పప్పుతో తిని రైలుకు పోయాడు. పది రోజులు నా మగ్గం మీద ఎన్ని పోగులు తెగాయో నాకే తెలుసు. పదకొండో రోజు ఒప్పుకున్నట్టు కబురొచ్చింది.

పెళ్ళయ్యాక ఒకరోజు నా భార్యను కాస్త గర్వంగానే అడిగాను.

"ఏమ్మే, మీ నాయన నాలో ఏం చూసి ఒప్పుకున్నాడు? నిజం చెప్పే మగోడనే కదా?"

చేటలో బియ్యం ఏరుతున్న ఆమె తలెత్తలేదు.

"నిన్ను యాడ చూసినాడు? ఆ ఎండలో ఇంకో ఇల్లు ఎక్కి దిగే ఓపిక లేక ఒప్పుకున్నాడు."